సింహాచలం మాస్టారి ముందుమాట

సింహాచలం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా హైకూ చదివి వినిపిస్తుంటే కళ్ళు మూసుకుని వింటారు. చదవడం అయిపోయాక కూడా కాసేపు ఆ కళ్ళు తెరవరు. కానీ చదివినవాడు ఊరుకోలేక "అంటే ఇక్కడ నా ఉద్దేశం ఏటంటే మాస్టారూ..." అని మొదలుపెట్టాడో, వెంటనే కళ్ళు తెరిచి, కుర్చీ కింద కాలితో చెప్పులు వెతుక్కుంటారు. చెప్పులు దొరికేలోపు వివరణ ఆగితే సరి. ఆగకపోతే లేచి పెరట్లోకి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోస్తారు. పార్వతీపురంలో ఆయన శిష్యులమని చెప్పుకునే మేం కొద్దిమందిమి ఉన్నాం. ఆ పెరట్లో మొక్కలు అంత ఏపుగా పెరగడానికి మేమంతా తలా కాస్త కారణం. అందరికంటే ఎక్కువ నీళ్ళు పోయించినవాడు మాత్రం తవిటినాయుడే.

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. పిల్లల చేత కాకిని గీయిస్తూ, బొమ్మ సగం అయ్యేసరికి చేతిలో పెన్సిలు లాగేసుకుని "ఎగిరిపోయింది, ఇంక వదిలీ" అనేవారట. పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. తవిటినాయుడిది దానికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం. అతను రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాస్తాడు. తూర్పున ఫలానా వారి కొబ్బరితోట, పడమర పంచాయతీ రోడ్డు, ఉత్తరాన నీళ్ళ బోదె, దక్షిణాన అమ్మకందారు మిగుల్చుకున్న స్థలం అంటూ హద్దులు నాలుగూ రాయనిదే అతని చేతి మీదుగా సెంటు భూమి కూడా కదలదు. అలాంటి మనిషి హైకూలో పడ్డాడు. పడ్డవాడు బాగానే రాశాడని మాస్టారు కళ్ళు మూసుకున్న తీరును బట్టి మాకందరికీ తెలిసిపోయింది. అతనికి ఒక్కడికే ఆ నమ్మకం కుదరలేదు.

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళే ముందు ఒక ఆదివారం అతను మాస్టారి అరుగు మీద కూర్చుని అడగవలసింది అడిగేశాడు.

"మాస్టారూ, మూడంటే మూడు పాదాలు. చదివీవాడు కళ్ళద్దాలు సర్దుకునీలోపే అయిపోతాది. ఎవరికేటి అర్థమవుతాది? ముందుగా పెద్దవాళ్ళెవరైనా నాలుగు మాటలు చెప్పకపోతే, ఇందులో ఏదో ఉందని ఎవరు నమ్ముతారు? అసలు మూడు పాదాలు వాటంతటవి నిలబడగలవంటారా?"

ఈసారి మాస్టారు చెప్పులు వెతుక్కోలేదు. ప్రశ్న నిజమైన ప్రశ్న అయితే ఆయన కదలరు.

"మీరూ ఒక ముందుమాట ఇవ్వాలి" అన్నాడు నాయుడు.

"ఇస్తాను."

"ప్రెస్సుకి వెళ్ళీలోపు కావాలి మాస్టారూ."

"అప్పటికని మాత్రం చెప్పలేను" అన్నారాయన.

నాయుడు "ఎవరు నమ్ముతారు" అన్నప్పుడు అతని మనసులో ఉన్నది పాఠకలోకం కాదు, వాళ్ళావిడ హైమావతి. ఈ సంగతి మా అందరికీ తెలుసు. ఆమె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఎక్కువగా రాత్రి డ్యూటీలే పడుతుంటాయి. కలుపుగోలు మనిషి, నవ్వుతూనే తలంటేస్తుంది. మేం వాళ్ళింటికి వెళ్తే టీ గ్లాసులు చేతికిస్తూ, "మా ఆయన కవిగారండి! నేను డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చీవరకూ మంచం మీంచి లెగరు. లెగిసినా దుప్పటి మడతెట్టరు. ఊళ్ళో భూములన్నిటికీ నాలుగు హద్దులు రాసీ మనిషికి దుప్పటికి నాలుగు కొసలుంటాయని తెలీదు" అనేది. మేం నవ్వేవాళ్ళం. నాయుడూ నవ్వేవాడు గానీ ఆ విషయంలో ఎన్నడూ తనను సమర్థించుకోలేదు. తను రాసినవి ఆమెకు ఒక్కటీ చూపించలేదు కూడా. ఎందుకని నేనడిగితే, "నేను చదివితే నవ్వీస్తాది. అదే పెద్దలు స్టేజీ మీద చెప్తే నమ్ముతాది" అన్నాడు. ఆ ఒక్క సాయంత్రం కోసమే అతను పుస్తకం వేస్తున్నాడంటే అబద్ధం కాదు. పెళ్ళయి ఇన్నేళ్ళకు, తను రాసింది తన భార్య వినాలి, విని నవ్వకూడదు. అంతే అతని కోరిక.

ఇక ముందుమాటల వేట మొదలైంది. రిటైరైన ప్రిన్సిపాలు గారొకాయన జపాన్‌లో హైకూ పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకుని, సముద్రాలన్నీ దాటించి, మన ఒడ్డుకు చేరుస్తూ ఉండగా ఆయనకిచ్చిన పేజీలు అయిపోయాయి. నాయుడి హైకూలు ఒడ్డు మీదే ఉండిపోయాయి. ఆధ్యాత్మిక ఉపన్యాసాలిచ్చే ఇంకొకాయన ఒక హైకూలో "ఆమె" అన్న మాట పట్టుకుని, ఆమె అంటే జీవాత్మ అని తేల్చారు. కార్మిక సంఘంలో పనిచేసే మూడో ఆయన అదే హైకూలో "వెచ్చని చోటు" అంటే అధికార పీఠమని, దాన్ని ప్రజలు ఆక్రమించుకునే రోజు దగ్గరలోనే ఉందని రాశారు. నాలుగో ఆయన ఆ హైకూను ఏ తొందరలో చదివారో గానీ, పిల్లి మీద ఇంత కరుణ చూపిన కవిని తాను మరొకర్ని ఎరగనన్నారు. నాయుడు అన్నిటినీ కళ్ళకద్దుకుని ప్రెస్సుకు పంపాడు. "నాకే తెలీకుండా ఎన్నెన్ని రాసీసేనో చూడండి మాస్టారూ" అని పొంగిపోతూ ప్రూఫులు చూపించాడు. మాస్టారు ప్రూఫులు తిరగేశారు. పేజీకి ఒక్క హైకూ, చుట్టూ బోలెడంత తెల్ల కాగితం. ముందుమాటలు మాత్రం చిన్న అక్షరాల్లో సందు లేకుండా కిక్కిరిసి ఉన్నాయి. మొదటి హైకూ రావడానికి చాలాసేపు తిప్పాల్సి వచ్చింది. ఊరేగింపంతా వెళ్ళిపోయాక ఎక్కడో వెనకాల పెళ్ళికొడుకు కనపడ్డట్టుంది. ఆయన ప్రూఫులు తిరిగిచ్చి పెరట్లోకి వెళ్ళారు.

ఆవిష్కరణ సభ కల్యాణమండపం మేడ మీది చిన్న హాల్లో పెట్టారు. హాలు ఇప్పించింది మండపం యజమాని సూరిబాబు గారు. కనుక తొలి ప్రతి అందుకోవలసిందీ ఆయనే. మన సభల సంప్రదాయం తెలిసిందే కదా. పుస్తకాల్ని తళతళలాడే కాగితంలో చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, బల్ల మీద పెడతారు. అతిథి వచ్చి ఆ ముడి విప్పేదాకా లోపల ఏముందో కవి కూడా చూడకూడదు. మిగతా కాపీల అట్టపెట్టెలు కూడా టేపు తీయకుండా వేదిక వెనకాలే ఉండాలి. సూరిబాబు గారేమో బొబ్బిలిలో ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళారు. ఫోన్ చేసిన ప్రతిసారీ "దారిలో ఉన్నారు" అనే జవాబు వచ్చింది. ఆయన వచ్చేలోగా సభను ఖాళీగా ఉంచకూడదని నిర్వాహకులు ఉపన్యాసాలు మొదలుపెట్టించారు.

హైమావతి ముందు వరసలో, నా పక్క కుర్చీలో కూర్చుంది. పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. కాళ్ళ దగ్గర డ్యూటీ సంచి, అందులో మడతపెట్టిన తెల్ల యూనిఫారం. ఆ రాత్రి కూడా డ్యూటీయే. కాస్త ఆలస్యమైతే చూసుకోమని తోటి నర్సుకు చెప్పి వచ్చిందట. మొగుడికి శాలువా కప్పినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. వేదిక మీద నాయుడు ఆమె వైపు చూసి సిగ్గుపడ్డాడు. అతనంత సంతోషంగా ఉండగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ప్రిన్సిపాలు గారు లేచి, హైకూకు ప్రాణం క్లుప్తత కాబట్టి తాను కూడా క్లుప్తంగా ముగిస్తానన్నారు. ఆ తర్వాత క్లుప్తత గొప్పతనాన్ని ఎంత సేపు చెప్పారంటే, టీ వచ్చి, తాగి, గ్లాసులు తిరిగి వెళ్ళిపోయినా ఆయన ఇంకా ముగిస్తూనే ఉన్నారు. "చివరిగా" అన్నారు. "చిట్టచివరిగా" అన్నారు. ఆయన కూర్చున్నాక జీవాత్మ గారు లేచారు. హైమావతి కాసేపు శ్రద్ధగా విని, నా వైపు వంగి, "అన్నయ్యా, మా ఆయన రాసింది ఎప్పుడు సదువుతారు?" అని అడిగింది.

"సూరిబాబు గారు రావాలమ్మా. ఆయనొచ్చి రిబ్బను విప్పితే గానీ పుస్తకం బయటికి రాదు."

"ఎక్కడున్నారు?"

"దారిలో ఉన్నారు."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. నాయుడు అది గమనించాడు. వేదిక మీంచే రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి "ఇంక ఇంతే, ఇంతే" అని సైగ చేశాడు. ఆమె తలూపింది. జీవాత్మ గారి తర్వాత అధికార పీఠం గారు మైకందుకున్నారు. ఇంకాసేపటికి ఆమె మళ్ళీ గడియారం చూసి, చెయ్యెత్తి మణికట్టు మీద తట్టి చూపించి, నవ్వుతూనే సంచి అందుకుని లేచింది. వార్డులో ఆమె కోసం ఒకరు డ్యూటీ దిగకుండా కాచుకుని ఉన్నారు మరి. తలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యూపింది. నాయుడు కూడా చెయ్యూపాడు గానీ మొహంలో నెత్తురు లేదు. శాలువా ఒక భుజం మీంచి జారిపోతుంటే సర్దుకోలేదు. నాకు భలే బాధేసింది. ఇన్నేళ్ళ రాత, ఇంత హంగామా ఎవరి కోసమో, ఆవిడే ఒక్క అక్షరం వినకుండా మెట్లు దిగిపోతోంది.

అప్పుడే బల్ల కింద సింహాచలం మాస్టారి కాలు చెప్పులు వెతుక్కోవడం చూశాను. సభాధ్యక్షులు ఆయనే. చెప్పులు దొరికాయి. ఆయన నిదానంగా లేచి, బల్ల మీది తళతళల పొట్లాన్ని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో నాయుడి మణికట్టు పట్టుకుని, వేదిక దిగి నడిచారు. మైకు ముందున్నాయన అధ్యక్షుల వారు మంచినీళ్ళకు వెళ్తున్నారనుకుని ఉపన్యాసం ఆపలేదు. కవి లేని వేదిక మీద కవి గురించి చెబుతూనే ఉన్నారు. నేనూ వాళ్ళ వెనకాల దిగాను.

మండపం ఎదురుగా రోడ్డు పక్కన, లైటు స్తంభం కింద హైమావతి సర్వీసు ఆటో కోసం నిలబడి ఉంది. శాలువాతో పరుగెత్తుకొస్తున్న మొగుణ్ణి చూసి కంగారుపడింది.

"అదేటండి, సభ వదిలీసి వచ్చీసారా? అందరూ ఏటనుకుంటారు!"

మాస్టారు పొట్లం తీసి రిబ్బను ముడి లాగారు. రాలేదు. పళ్ళతో పట్టి లాగారు, వచ్చింది. పై పుస్తకం తీసి నాయుడి చేతిలో పెట్టారు. నాయుడు ఆత్రంగా తెరిచాడు. ప్రిన్సిపాలు గారు వచ్చారు. తిప్పాడు, ఇంకా ప్రిన్సిపాలు గారే ఉన్నారు. తిప్పాడు, జీవాత్మ. తిప్పాడు, పీఠం. తిప్పాడు, పిల్లి. తన పుస్తకంలో తన పద్యమే దొరకడం లేదు. చివరికి కావలసిన పేజీ దొరికాక కూడా చదవలేక, గొంతు సవరించుకుని, "ముందు నీకొక మాట చెప్పాలి హైమా. హైకూ అంటే జపాన్‌లో... ఇందులో ఆమె అంటే నిజానికి, పెద్దలేటి రాసారంటే..." అని మొదలుపెట్టాడు.

రోడ్డు మలుపులో ఆటో లైటు కనపడింది. హైమావతి సంచి భుజానికెత్తుకుంది.

"ఆటో వచ్చీస్తంది" అన్నారు మాస్టారు. "చదువు."

నాయుడు చదివాడు.

"చలి ఉదయం
నేను లేచిన వెచ్చని చోట
ఆమె నిద్ర."

అయిపోయింది. నాయుడు ఇంకా ఏదో చెప్పబోయి, మాస్టారి వైపు చూసి, నోరు మూసుకున్నాడు. ఆటో వచ్చి ఆగింది. లోపలున్నవాళ్ళు సర్దుకుని హైమావతికి చోటిచ్చారు. ఆమె ఎక్కలేదు. మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"అందుకా" అంది చివరికి. "నేనొచ్చీవరకూ మంచం మీంచి లెగనిది అందుకా?"

నాయుడు తలొంచుకున్నాడు.

"దుప్పటి మడతెట్టకుండా అలగే కప్పి ఉంచీది..." అని ఆగిపోయింది. రోగుల దగ్గర గట్టిగా ఉండే మనిషి, కొంగుతో కళ్ళొత్తుకోవడం నేను అదే చూడటం. "ఇన్నాళ్ళూ నా చేత తిట్టించుకున్నారు. ఒక్క మాట చెప్పలేకపోయారేటండి?"

"చెప్తే నవ్వుతావనుకున్నాను" అన్నాడు నాయుడు.

డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టాడు. ఆమె మొగుడి చేతిలోంచి పుస్తకం లాక్కుని, సంచి తెరిచి, యూనిఫారం మడతల మధ్య పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆటో కదిలి కొంచెం దూరం వెళ్ళాక తల బయటికి పెట్టి, రోడ్డు మీద అందరికీ వినపడేలా అరిచింది.

"రేపూ దుప్పటి మడతెట్టకండేం!"

ఈసారి ఆమె నవ్వింది. ఏ నవ్వుకు భయపడి ఇన్నేళ్ళు దాచుకున్నాడో ఆ నవ్వు చూసి నాయుడు తను కూడా నవ్వాడు. రోడ్డు పక్క బజ్జీల బండి దగ్గర నిలబడ్డవాళ్ళకు సంగతేమిటో తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు. ఆటో మలుపు తిరిగే దాకా మేం ముగ్గురం అక్కడే ఉన్నాం.

మాస్టారు పొట్లానికి మళ్ళీ కాగితం చుట్టి, రిబ్బను బిగించి, ముడి మీద పువ్వు కూడా తీర్చారు. డ్రాయింగు మాస్టారు కదా, ఆ పని ఆయనకు బాగా వచ్చు. మేం పైకి వెళ్ళేసరికి పీఠం గారు ఇంకా మైకు వదల్లేదు. మేం వెళ్ళి వచ్చిన సంగతి ఎవరూ గుర్తించలేదు. తర్వాత కాసేపటికి సూరిబాబు గారు నిశ్చితార్థం తాంబూలంతో సహా దిగబడ్డారు. రిబ్బను విప్పారు. తొలి ప్రతి అందుకుని, గుండెల దగ్గర పెట్టుకుని, ఫొటోకు నిలబడ్డారు. అందరం చప్పట్లు కొట్టాం. నాయుడే అందరికంటే గట్టిగా కొట్టాడు. అసలు తొలి ప్రతి ఆ పాటికి ఆసుపత్రి దారిలో ఉంది. సూరిబాబు గారు మంచి మనిషి, ఆయన సంతోషాన్ని చెడగొట్టడం మాకెవరికీ ఇష్టం లేకపోయింది.

అధ్యక్షోపన్యాసం కోసం అందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. మాస్టారు లేచి, ఆ హైకూ ఒక్కసారి చదివి, "పులిహోర చల్లారిపోతంది, లెగండి" అని సభ ముగించారు. వెనక వరసల్లోంచి ఎవరో "ఇంకోసారి చదవండి మాస్టారూ" అని అరిచారు. ఆ సాయంత్రం ఎవరి ఉపన్యాసాన్నీ ఇంకోసారి అడిగినవాళ్ళు లేరు. మాస్టారు ఇంకోసారి చదివారు. వేదిక మీది పెద్దలు కూడా కళ్ళు మూసుకుని విన్నారు. పిల్లి గారు మాత్రం కాస్త ఇబ్బందిగా కదిలారు.

పులిహోర తిని, ఆకులు తీసేసి, మిగిలిన పుస్తకాల పెట్టెలు రిక్షాకెక్కించి, మేం మాస్టారిని ఇంటి దాకా దిగబెట్టడానికి నడిచాం. నాయుడు హుషారుగా ఉన్నాడు. మనిషి ఎంత హుషారుగా ఉన్నా లేఖరి బుద్ధి ఎక్కడికి పోతుంది? దస్తావేజులో ఒక సంతకం తక్కువైతే అతనికి నిద్ర పట్టదు. మాస్టారి గుమ్మం ముందు ఆగి, కాస్త నిష్ఠూరంగానే అడిగాడు.

"అందరూ ఇచ్చారు మాస్టారూ. మీరొక్కరే ముందుమాట ఇస్తానని ఇవ్వలేదు. రెండో ముద్రణకైనా..."

మాస్టారు అరుగు కింద చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన సర్దారు.

"ఇచ్చీసేను కదయ్యా" అన్నారు. "ఆటో వచ్చీస్తంది, చదువు అన్నాను."